అత్తగారి వేలితో రాసిన పరీక్ష

ఆమెను గురించి ఆఫీసులోనూ, ఆమె ఉండే వీధిలోనూ చలామణిలో ఉన్న మాటలు కొన్ని ఉన్నాయి. ముందుగా వాటిని పక్కన పెట్టడం న్యాయం.

అత్తగారిని పదిమందిలో నవ్వులపాలు చెయ్యడానికే ఆవిడ పేరుతో ఒక పరీక్ష రాసిందని ఒక మాట. ఈ మాట పుట్టించినవారు ఆ ఇంటి గడప తొక్కినవారు కారు. తొక్కి ఉంటే, ఆ పరీక్ష ఊసు వచ్చినప్పుడల్లా ఆ పెద్దావిడ ముఖం ఎలా వెలిగిపోతుందో చూసి ఉండేవారు. మునిగిపోతున్న కంపెనీని ఒంటిచేత్తో ఒడ్డుకు లాగిందని మరొక మాట. కంపెనీ మునగలేదు, ఆ వారం అక్కడ జరిగిన పెద్ద విపత్తు టీ కాచే యంత్రం చెడిపోవడం ఒక్కటే. అత్తగారు కంప్యూటర్ల లోతుపాతులు తెలిసిన మనిషని, లోపాన్ని ఆవిడే పట్టి కోడలి చేతిలో పెట్టిందని ఇంకొందరు అంటారు. లోపానికి ఆవిడ చెప్పిన కారణం పూర్తిగా తప్పు. ఇక, యంత్రానికి మనిషిలా ఆలోచించడం నేర్పిందన్న మాట అన్నిటికంటే అందమైనది, అన్నిటికంటే ఆధారం లేనిదీ. యంత్రం ఏమీ ఆలోచించలేదు. ఆగమన్న చోట ఆగింది.

జరిగింది వీటన్నిటికంటే చిన్న సంగతి. చిన్నది కనకనే ఉన్నదున్నట్టు చెప్పవలసి ఉంది.

ఆమె ఉద్యోగం పరీక్షలు రాయడం. ఆ కంపెనీవారు ఒక ఎడిటర్ తయారు చేస్తారు. అంటే మనం ఉత్తరమో వ్యాసమో పుస్తకమో కంప్యూటరులో రాసుకుని, దిద్దుకుని, దాచుకునే సాఫ్ట్‌వేరు. ప్రోగ్రామర్లు దానికి రోజూ ఏదో ఒక మెరుగు పెడుతూనే ఉంటారు. ఒకచోట మెరుగు పెడితే మరోచోట పెచ్చు ఊడడం ఆ వృత్తిలో మామూలే. అందుకని ప్రతి మార్పు తరువాతా పాత పనులన్నీ సవ్యంగా జరుగుతున్నాయో లేదో చూడాలి. రోజూ మనుషుల్ని కూర్చోబెట్టి మీటలన్నీ నొక్కించడం అయ్యే పని కాదు. ఆమె ఆ పనిని చిన్న చిన్న ప్రోగ్రాములుగా రాసి పెడుతుంది. ఒక్కొక్కటీ తనంతట తాను ఎడిటర్‌ను తెరుస్తుంది, అక్షరాలు కొడుతుంది, కొన్ని చెరుపుతుంది, చెరిపినవి వెనక్కి తెస్తుంది, చివరికి తెరమీద ఉండవలసిందే ఉందా అని సరిచూస్తుంది. ఉంటే పచ్చ గుర్తు, లేకపోతే ఎర్ర గుర్తు. మనిషి ఒక కప్పు టీ కలుపుకుని తాగేలోపల ఈ పరీక్షల దండు ఎడిటర్‌ను ఆపాదమస్తకం తడిమి వచ్చేస్తుంది.

ఆఫీసు ఒక పొడుగాటి గది. కింద తాళంచెవులు చేసే దుకాణం. రోజంతా ఇనుము కోసే కీచుమనే చప్పుడు నేలలోంచి పైకి వస్తూ ఉంటుంది. కిటికీలోంచి బస్సుల డిపో కనిపిస్తుంది. గోడకు పరీక్షల ఫలితాలు చూపే తెర ఒకటి, దాని పక్కన మేకుకు వేలాడే ఎర్ర ఉన్ని టోపీ ఒకటి. ఎవరి మార్పువల్ల తెర ఎర్రబడితే వారు ఆ టోపీ పెట్టుకోవాలి. తెర మళ్ళీ పచ్చబడేదాకా తియ్యకూడదు. ఇది ఎవరూ రాసిపెట్టని కట్టుబాటు, అయినా అందరూ తు.చ. తప్పకుండా పాటించేవారు. మేనేజరు కూడా ఒకసారి ఆ టోపీతోనే బయటివారితో సమావేశంలో కూర్చున్నాడు. టోపీ ఏ తలకూ పట్టదు. సీసాకు మూత పెట్టినట్టు నడినెత్తిన నిలబడి ఉంటుంది.

ఆ టోపీ పెట్టుకోనిది ఆ గదిలో ఆమె ఒక్కతే. ఆమె ఎడిటర్‌ను మార్చదు, మార్చినవారిని పరీక్షిస్తుంది. అందుకని ఆమెకు 'పరీక్షలమ్మ' అని పేరు పడింది. ఆ పేరు పెట్టినవాడు, అక్షరాలు వెనక్కి తెచ్చే అన్‌డూ భాగం రాసిన ప్రోగ్రామరు. వేళ్ళు కనబడనంత వేగంగా టైపు చేస్తాడు కనక అతన్ని అందరూ మెరుపు అనేవారు.

"తీర్పు చెప్పేవాళ్ళకి శిక్షలుండవు కదక్కా, నీ పని హాయి," అనేవాడు మెరుపు, టోపీ సర్దుకుంటూ.

"తప్పు చేయకుండా ఉండటం కూడా హాయేరా తమ్ముడూ. ఒకసారి చేసి చూడు," అనేది ఆమె.

ఇంట్లోనూ ఆమె తీరు అదే. తాళం వేసి లాగి చూస్తుంది, రెండడుగులు వేసి మళ్ళీ వచ్చి లాగి చూస్తుంది. భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు, నెమ్మదస్తుడు. "లాగింది నువ్వేనా, ఇంకెవరన్నానా అన్న అనుమానమా?" అనేవాడు మెట్ల మీద నిలబడి. ఆమె జవాబుగా మూడోసారి లాగేది.

ఆ ఇంట్లో మూడో మనిషి అత్తగారు. జీవితమంతా ఆవిడ బట్టలు కుట్టే దుకాణం నడిపింది. కళ్ళు మునుపటిలా సహకరించక దుకాణాన్ని తన దగ్గర పని నేర్చుకున్న పిల్లకు అప్పజెప్పి ఇంటికి వచ్చింది గాని, చేతులూ నోరూ ఊరుకోలేదు. ఇంట్లో కూర్చుని కత్తిరింపు నేర్చుకునే ఆడవాళ్ళ కోసం ఒక పుస్తకం రాస్తానంది. కోడలు తమ కంపెనీ ఎడిటర్‌ను కంప్యూటరులో పెట్టి, మీటలు చూపించింది. ఆవిడకు అన్నిటికంటే నచ్చింది అన్‌డూ. దానికి 'కుట్టు విప్పుడు' అని పేరు పెట్టుకుంది. "నా వయసులో సగం కుట్టు విప్పడానికే పోయింది. ఇక్కడ చూడు, ఒక్క నొక్కుకి విప్పేస్తోంది. ఇది ముందే ఉంటే నేనెంత కుట్టేదాన్ని!" అని మురిసిపోయింది.

ఆవిడ రాసే పద్ధతి చూడవలసిందే. ఎడమచెయ్యి ఒడిలో ఉంటుంది. కుడిచెయ్యి చూపుడువేలు ఒక్కటే పని చేస్తుంది. నడిమివేలికి సూది గుచ్చుకోకుండా పెట్టుకునే ఇత్తడి తొడుగు అలవాటుగా అలాగే ఉండి, అప్పుడప్పుడు మీటలకు తగిలి టక్కుమంటుంది. ఒక వాక్యం రాస్తుంది. రాసింది నిజమో కాదో గుడ్డ మీద చూడందే రెండో వాక్యానికి వెళ్ళదు. లేచి, పాత దుప్పటి పరిచి, సుద్దతో గీసి, కత్తెర ఆడించి, కొలిచి, తిరిగి వస్తుంది. కొలత తేడా వస్తే కుట్టు విప్పుడు నొక్కి మళ్ళీ రాస్తుంది. మధ్యలో చెల్లెలి ఫోను వస్తే అది వేరే కథ.

చొక్కా మెడ, కాలరు, ముందుపక్క గుండీల పట్టీ సజావుగానే సాగాయి. చేతుల దగ్గరికి వచ్చేసరికి రాసినవి మాయం కావడం మొదలైంది.

"ఒరేయ్, నేను రాసిన చంక గుండ్రం పోయిందిరా. ఒక్క మాట విప్పమన్నాను, మొత్తం చెయ్యి ఊడదీసింది," అంది ఒకనాడు కొడుకుతో.

కొడుకు చూశాడు. ఏమీ కనబడలేదు. "నువ్వే ఏదో నొక్కి ఉంటావమ్మా. నొక్కి మర్చిపోయి ఉంటావు. ఈ వయసులో మామూలే," అన్నాడు. అనునయంగానే అన్నాడు, కాని ఆ మాట ఆవిడ చెవిలో దిగబడిపోయింది.

మరో రెండు మూడుసార్లు అలాగే పోయాయి. ఫోనులో చెల్లెలు, తన అత్తగారికి మతిమరుపు అలాగే మొదలైందని, మొదట చిన్న చిన్న వస్తువులేనని, ధైర్యం చెప్పబోయి ఉన్న ధైర్యం ఊడబెరికింది. ఆ తరువాత పెద్దావిడ తీరు మారింది. మాత్ర వేసుకున్నానా లేదా అని, వేసుకుని నీళ్ళు తాగిన గ్లాసు చేతిలో ఉండగానే అడిగేది. పొయ్యి ఆపానా అని పక్కగదిలోంచి లేచి వచ్చేది. మాటకు ముందు మాట అందించే మనిషి, మాట్లాడే ముందు ఆగి వెతుక్కోవడం మొదలుపెట్టింది.

అప్పుడు పరీక్షలమ్మ తనకు తెలిసిన పని చేసింది. ఆఫీసులో అన్‌డూకు సంబంధించిన పరీక్షలన్నీ విడిగా నడిపించింది. అన్నీ పచ్చగా వచ్చాయి. మళ్ళీ నడిపించింది. మళ్ళీ పచ్చే. సాయంత్రం ఇంటికి వచ్చి, "ఎడిటర్‌లో తప్పేమీ లేదు అత్తయ్యా. అన్నీ చూశాను," అని చెప్పింది.

ఆమె ఉద్దేశం అత్తగారి బెంగ తీర్చడం. అత్తగారికి వినబడింది వేరు.

"అయితే తప్పు నాలోనే ఉందన్నమాట," అంది ఆవిడ. కంప్యూటరు మీద గుడ్డ కప్పింది. మర్నాడు టీ తాగుతూ, ఎవరి ముఖమూ చూడకుండా, "ఇంక నేను రాయనే అమ్మాయీ. చేతులకి తెలిసింది చేతుల్లోనే ఉండనీ. బుర్రలో నిలవనిది పుస్తకంలోకి ఎలా ఎక్కుతుంది?" అంది.

"ఇంతకీ పోయిందేమిటత్తయ్యా?" అంది కోడలు.

అత్తగారు చెప్పింది. చంక నుంచి భుజం దాకా టేపు ఎలా పట్టాలో, వెనకవైపు గుండ్రం ముందువైపుకంటే ఎందుకు తక్కువ లోతు తియ్యాలో, లావుపాటి చేతులవాళ్ళకి ఎక్కడ వదులు ఇవ్వాలో, సుద్ద గీతకు బయట కత్తెర ఎంత దూరంలో నడవాలో, ఒక్క మాట తడుముకోకుండా మొత్తం అప్పజెప్పింది. కొలతలతో సహా. మధ్యలో ఒకచోట ఆగి, "ఇక్కడ 'వదలండి' అని రాసి, బాగాలేదని 'వదిలిపెట్టండి' అని మార్చాను," అని కూడా చెప్పింది.

పరీక్షలమ్మ కప్పు కింద పెట్టింది. రాసినదీ, మార్చినదీ, ఏ వరుసలో మార్చిందీ గుర్తున్న మనిషి, ఒక మీట నొక్కి మరిచిపోయిందని అనడానికి ఆధారమేది? ఉన్న సాక్షులు ఇద్దరు. ఒకటి తన పరీక్షలు, రెండోది అత్తగారి జ్ఞాపకం. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. అలాంటప్పుడు అడిగిన ప్రశ్నలో తేడా ఉండాలి.

"ఈ ఆదివారం నేను మీ పక్కన కూర్చుంటాను. మీరు మామూలుగా రాయండి," అంది.

"నువ్వు పక్కన కూర్చుంటే మామూలుగా ఎలా రాస్తానే?" అంది అత్తగారు. ఆ మాట అక్షరాలా నిజమైంది.

ఆదివారం పొద్దున్న ఎండ కిటికీలోంచి కుట్టుమిషను మీద పడుతోంది. కోడలు ఎత్తుపీట వేసుకుని కూర్చుంది. కోడలి కళ్ళముందు అత్తగారు ఇన్‌స్పెక్టరు వచ్చిన బడిలో పిల్లలా తయారైంది. నడుము నిటారుగా పెట్టింది. ఒక వాక్యం తరువాత ఒకటి గుక్క తిప్పుకోకుండా రాసింది. లేవలేదు, దుప్పటి పరచలేదు, కత్తెర ముట్టలేదు. తప్పు పడితే కుట్టు విప్పుడు నొక్కింది; ఒక్క మాటే పోయింది. మళ్ళీ నొక్కింది, మళ్ళీ ఒక్క మాటే. ఎడిటర్ పెళ్ళికొడుకంత బుద్ధిగా ఉంది.

"చూశావా, నువ్వుంటే ఏమీ చెయ్యదు. నేనొక్కదాన్నే ఉంటేనే తింటుంది. లేకపోతే ఫోను మోగాలి. ఫోను మోగినప్పుడల్లా తింటుంది, నేను గమనించాను," అంది అత్తగారు. తన మాట తనకే పిచ్చిగా వినబడింది కాబోలు, టేపు మెడలోంచి తీసి చుట్టడం మొదలుపెట్టింది.

అప్పుడే ఫోను మోగింది. చెల్లెలు.

అత్తగారు లేచి వెళ్ళింది. చెల్లెలి మోకాళ్ళ నొప్పి, చెల్లెలి కోడలి కొత్త కర్టెన్లు, ఆ కర్టెన్ల కుట్టులో ఉన్న వంకర, ఎవరి చేత కుట్టించినా అంతేనన్న నిట్టూర్పు, అన్నీ అయ్యాయి. తిరిగి వచ్చి కూర్చుంది. ఆఖరి మాట సరిగ్గా లేదని కుట్టు విప్పుడు నొక్కింది.

తెరమీద పేరా మొత్తం మాయమైంది.

"పోయింది!" అని పరీక్షలమ్మ పీటమీంచి ఎగిరి గంతేసింది. "పోయిందత్తయ్యా, పోయింది! మొత్తం పోయింది!" అంటూ ఆవిడ రెండు చేతులూ పట్టుకుని ఊపేసింది.

"నా చొక్కా చేతులు ఊడిపోతే నీకు సంబరమేమిటే!" అంది అత్తగారు నిర్ఘాంతపోయి.

"మీరు నొక్కింది ఒక్కసారే. నేను చూశాను. నా కళ్ళతో చూశాను. ఒక్కసారే నొక్కారు!"

వంటింట్లోంచి గరిటెతో పరుగెత్తుకొచ్చిన కొడుకు, తల్లీ పెళ్ళామూ ఒకరి చేతులొకరు పట్టుకుని నవ్వుతూండడం చూసి, ఏమీ అడక్కుండా వెనక్కి వెళ్ళిపోయాడు. అది అతను జీవితంలో చేసిన తెలివైన పనుల్లో ఒకటి.

తరువాత కోడలు నిదానంగా ఆలోచించింది. ఫోను కారణం కాదు. ఫోను మోగితే అత్తగారు లేస్తుంది, లేస్తే రాయడం ఆగుతుంది. రాయడం ఆగి కాసేపయితే ఎడిటర్ తనంతట తాను రాసినదాన్ని దాచుకుంటుంది. ఆ దాచుకోవడంలో, అప్పటిదాకా విడివిడిగా ఉన్న మాటలన్నిటినీ ఒక మూటగా కట్టేస్తోంది. ఆ తరువాత ఒక్క మాట విప్పమంటే మూట మొత్తం విప్పేస్తోంది. అత్తగారు చేతులు ఒడిలో పెట్టుకుని చూస్తూ ఉండిపోతుంది. ఆ కాసేపట్లో ఎడిటర్ ఆ ఖాళీనే మళ్ళీ దాచుకుంటుంది. దానితో పోయినదాన్ని వెనక్కి తెచ్చే దారి మూసుకుపోతుంది. ఆవిడ పుస్తకంలో చేతుల దగ్గరే ఇది ఎక్కువగా జరగడానికి కారణం కూడా ఉంది: చంక గుండ్రం కొలవడానికి అన్నిటికంటే ఎక్కువసేపు లేచి వెళ్ళాలి.

మరి ఇన్ని పరీక్షల్లో ఒక్కదానికీ ఇది ఎందుకు కనబడలేదు?

ఆ జవాబు సోమవారం పొద్దున్న ఆఫీసులో దొరికింది. పరీక్షలన్నిటికీ ముందు నడిచే ఒక ఫైలు ఉంది; ఎడిటర్‌ను ఏ స్థితిలో తెరవాలో చెప్పేది. అందులో ఒక వరుస, తనంతట తాను దాచుకునే అలవాటును పరీక్షల సమయంలో నిద్రపుచ్చమని చెబుతోంది. పక్కన ఒక మాట: 'ప్రస్తుతానికి'. ఆ వరుస రాసింది ఆమే. మొదటి రోజుల్లో ఈ దాచుకోవడం పరీక్షల మధ్యలో పిలవని పేరంటంలా వచ్చిపడి, తప్పు లేనిచోట ఎరుపు చూపించేది. అందుకని ఆపింది. అప్పటికి అది సరైన పనే. తరువాత లేపడం మరిచిపోయింది. అప్పటినుంచి ఆమె పరీక్షలు, లోకంలో ఎవరూ వాడని ఎడిటర్‌ను, లోకంలో ఎవరూ రాయని వేగంతో పరీక్షించి, రోజూ పచ్చగా నవ్వుతూ వచ్చాయి.

ఇంట్లో అత్తగారు మతి పోతోందని కుమిలిపోయింది ఈ ఒక్క వరుస వల్లే. తప్పేమీ లేదని ఆమె ఆవిడకు చెప్పిన మాటకు ఆధారం ఈ వరుసే.

ఆ శుక్రవారం ఎడిటర్ కొత్త రూపం విడుదల. ఆమె మేనేజరు బల్ల దగ్గరికి వెళ్ళి, ఆపాలని చెప్పింది.

"అన్నీ పచ్చగా ఉన్నాయి కదక్కా," అన్నాడు మెరుపు, తన బల్ల దగ్గరినుంచే.

"పచ్చగా కనబడేట్టు నేనే చేశాను తమ్ముడూ."

మేనేజరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మీ అత్తగారి కోసం విడుదల ఆపమంటావా అమ్మా?"

"ఆవిడ కోసం కాదు సార్. ఆగి ఆలోచించి రాసే ప్రతివాళ్ళ కోసం."

"అలాంటివాళ్ళు ఎంతమంది ఉంటారంటావు?" అన్నాడు మేనేజరు. అందరూ నవ్వారు. ఆయనా నవ్వి, "నవ్వులకేంగాని, మాటమీద ఆపలేను. ఎరుపు చూపించు, ఆపుతాను," అన్నాడు. అది న్యాయమైన మాట.

ఆమె ఆ వరుస తీసేసింది. కొత్త పరీక్ష ఒకటి రాయడానికి కూర్చుంది. ఇప్పటిదాకా ఆమె పరీక్షలు మెరుపులా టైపు చేసేవి. ఇది అలా చెయ్యదు. ఒక అక్షరం కొడుతుంది, ఆగుతుంది, ఇంకొకటి కొడుతుంది. వాక్యం అయ్యాక గుడ్డ కొలిచేంతసేపు ఊరుకుంటుంది. మధ్యలో ఒకసారి ఫోను మాట్లాడేంతసేపు ఊరుకుంటుంది. వచ్చి ఆఖరి మాట ఒక్కటే విప్పుతుంది. ఒక్క మాటే పోయిందా, మిగతాది ఉందా అని చూస్తుంది. పరీక్షకు పేరు పెట్టాలి కనక 'అత్తగారు' అని పెట్టింది. వెక్కిరింపు కాదు, ఆ పరీక్షలో ఉన్నదంతా ఆవిడదే.

మధ్యాహ్నం గది మొత్తం గోడమీది తెర ముందు చేరింది. ఎడిటర్ తెరుచుకుంది. అక్షరాలు ఒక్కొక్కటే పడుతున్నాయి: చంక దగ్గర సుద్ద గీత గీసేటప్పుడు... తరువాత ఏమీ పడలేదు.

"ఆగిపోయిందక్కా. కొండెక్కింది నీ పరీక్ష," అన్నాడు మెరుపు.

"ఆగలేదు. లేచి వెళ్ళింది."

"ఎక్కడికి?"

"గుడ్డ మీద కొలుచుకోవడానికి."

అక్షరాలు మళ్ళీ మొదలయ్యాయి, మళ్ళీ ఆగాయి. మెరుపు ఒంటికాలు మీద నిలబడ్డాడు, రెండో కాలు మీద నిలబడ్డాడు. వేళ్ళు బల్ల మీద తాళం వేశాయి. ఒక్క మీట నొక్కడానికి ఇంతసేపు పట్టడం అతను పుట్టి బుద్ధెరిగి చూడలేదు.

"ఇప్పుడేం చేస్తోంది?"

"ఫోనులో ఉంది. చెల్లెలు."

"ఇంతసేపా?"

"నేను చాలా తగ్గించి రాశాను."

గది గొల్లుమంది. ఆ నవ్వు ఇంకా ఆగకముందే పరీక్ష తిరిగి వచ్చి ఒక్క మాట విప్పింది. పేరా మాయమైంది. తెర ఎర్రబడింది.

మెరుపు తెర దగ్గరికి వెళ్ళి, ఖాళీ అయిన చోటును వేలితో తాకి చూశాడు. "మూట కట్టేది నేను రాసిన కోడే. దాచుకునేటప్పుడు విడివిడిగా ఉంచాలి. ఉంచలేదు నేను," అన్నాడు మెల్లగా. మేకు నుంచి టోపీ తీశాడు.

"ఇలా ఇవ్వు. అది నాది," అంది పరీక్షలమ్మ.

"కోడు నాదక్కా!"

"నువ్వు తప్పు చేశావు. నేను దాన్ని ఇన్నాళ్ళూ కనబడకుండా దుప్పటి కప్పి ఉంచాను. ఎవరిది పెద్దదో సార్ చెప్పనీ."

టోపీకోసం ఇద్దరు పోట్లాడుకోవడం ఆ ఆఫీసులో అదే మొదటిసారి. మేనేజరు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "తప్పు చేస్తే దొరుకుతామన్న నమ్మకంతోనే వీడు ధైర్యంగా రాస్తాడు. ఆ నమ్మకం నీ దగ్గర పోయింది. నువ్వే పెట్టుకో అమ్మా," అన్నాడు. ఆమె టోపీ నడినెత్తిన నిలబెట్టుకుంది. చప్పట్లు మోగాయి. కింద తాళాల దుకాణంవాడు ఏం జరిగిందోనని పైకి తొంగిచూసి వెళ్ళాడు.

విడుదల వారం ఆలస్యమైంది. ఎవరి కొంపా మునగలేదు. ఆ వారంలో మేనేజరు పాత ఫిర్యాదులు తిరగవేయిస్తే, రాసినవి మాయమవుతున్నాయని మొరపెట్టుకున్నవారు ఇంకా కొందరు తేలారు. అందరికీ ఒకే జవాబు వెళ్ళి ఉంది: దయచేసి మీటలు జాగ్రత్తగా నొక్కండి. మేనేజరు కూర్చుని ఒక్కొక్కరికీ తానే క్షమాపణ రాశాడు. మెరుపు మూట విప్పే పని రెండు రోజుల్లో ముగించాడు. కాని 'అత్తగారు' పచ్చబడేదాకా కుర్చీలో కూర్చోలేకపోయాడు.

తెర ఎర్రబడిన ఆ సోమవారం సాయంత్రమే ఆమె టోపీతో ఇంటికి వచ్చింది. తెర ఇంకా పచ్చబడలేదు మరి.

"మీ మతి బంగారంలా ఉంది అత్తయ్యా. మతిమరుపు మా ఎడిటర్‌ది. దాన్ని దాచింది నేను," అని చెప్పి, మొత్తం వివరించింది.

పెద్దావిడ వింటూ వింటూ మంచం అంచున కూర్చుంది. కొంగుతో ముఖం తుడుచుకుంది, కాసేపు తుడుచుకుంటూనే ఉంది. తరువాత గొంతు సవరించుకుంది. ఆ గొంతు పాత గొంతు.

"నేను మొదటినుంచీ చెబుతూనే ఉన్నా, ఫోను వల్లనే అని."

"ఫోను వల్ల కాదత్తయ్యా, మీరు లేచి వెళ్ళడం వల్ల..."

"ఎందుకు లేచి వెళ్ళాను? ఫోను మోగితేనేగా! ఒరేయ్, ఇలా రా. తల్లికి మతి పోయిందన్నావే?"

"పోయిందనలేదమ్మా. పోతోందేమో అన్నాను."

"ఏదో ఒకటి. ఈ టేపు చివర పట్టుకుని నిలబడు. చేతుల పాఠం మళ్ళీ మొదటినుంచి కొలవాలి."

ఆ సాయంత్రమంతా అతను టేపు చివర పట్టుకుని నిలబడ్డాడు. భోజనాల వేళకు గాని విడుదల దొరకలేదు. అంతలో పెద్దావిడ చూపు కోడలి తలమీద పడింది.

"ఆ నెత్తిమీద అదేమిటే? ఎవడు కుట్టాడు దాన్ని? మనిషి తలకి కుట్టాడా, మంచినీళ్ళ గ్లాసుకి కుట్టాడా?"

కోడలు కట్టుబాటు వివరించేలోపలే టోపీ ఆవిడ ఒడిలో ఉంది, కత్తెర మొన కుట్టులో ఉంది. పక్కలకు రెండు ముక్కలు వేసి, లోపల సాగే పట్టీ పెట్టి, ఏ తలకైనా పట్టేట్టు కుట్టి ఇచ్చింది. ఆఫీసులో తల పెద్దదీ చిన్నదీ అందరూ పెట్టి చూసుకున్నారు. మెరుపుకు అది బాగా నప్పిందని ఏకగ్రీవంగా తేల్చారు. అది ఇప్పటికీ ఆ మేకుకే ఉంది. ఏ విడుదలకైనా ముందు ఆ గదిలో ఎవరో ఒకరు, "అత్తగారు ఒప్పుకున్నారా?" అని అడగడం కూడా అలవాటైపోయింది. పుస్తకం చేతులు దాటి, జేబులు దాటి, అంచు మడతల దాకా వచ్చింది. మడతల దగ్గర ఆవిడకూ చెల్లెలికీ అభిప్రాయభేదం ఉంది కనక అక్కడ నడక కాస్త నెమ్మది.

పరీక్షలమ్మ చేసింది ఇది. తన చేత్తో రాసిన వరుసను తన చేత్తో తీసేసింది. ఒక మనిషి ఆగి ఆగి రాసే తీరును ఉన్నదున్నట్టు ఒక పరీక్షగా పెట్టింది. తాను తప్పు లేదన్నచోట తప్పుందని, టోపీ పెట్టుకుని పదిమందిలో ఒప్పుకుంది. దానివల్ల ఒక పెద్దావిడ తన జ్ఞాపకాన్ని అనుమానించడం మానేసింది. మిగతాదంతా చెప్పుకునేవారు చేర్చినది.